సున్నా నొక్కకు, లోవెల్!

మా తమ్ముడు లోవెల్‌కి అరవై మూడేళ్ళు. యంత్రాల దగ్గర మహా మాటకారి, మనుషుల ముందు నోట్లో నాలుక లేనివాడు. సోల్వేగ్‌ని పెళ్ళి చేసుకొమ్మని అడగడానికి రెండేళ్ళలో మూడుసార్లు బయలుదేరాడు. మొదటిసారి వేయించిన చేప తింటూ కెపాసిటర్ల గురించి చెప్పి వచ్చాడు. రెండోసారి ఆవిడ కారుకి బ్యాటరీ మార్చి వచ్చాడు. మూడోసారి ఏం వెలగబెట్టాడో నాకు ఇప్పటికీ చెప్పలేదు. ఈలోగా ఆవిడ ఇల్లు ఖాళీ చేసేసింది. అరిజోనాలో చెల్లెలి దగ్గర ఉండిపోవడానికి సోమవారం విమానానికి టికెట్ కూడా కొనేసింది.

వీడి చేతిలో మిగిలింది ఒక్క శనివారం. ఆ మధ్యాహ్నం మా ఊరు డులూత్‌లో, చర్చి నేలమాళిగలో మా పాత కంప్యూటర్ల క్లబ్బు ప్రదర్శన.

"అక్కా, నోటితో నావల్ల కాదు. తెర మీద అడుగుతా," అన్నాడు.

"నీ మొహం! ఎలాగో ఒకలాగ అడిగి చావు," అన్నాను.

చలికాలమంతా కూర్చుని వాడు బాగుచేసిన టెర్మినల్ అది. దానికి సొంత బుర్ర లేదు. ఒక తెర, ఒక కీబోర్డు, అంతే. వైరు అవతల ఉన్న కంప్యూటర్ ఏది పంపితే అది చూపిస్తుంది. సరిగ్గా అలాంటి దాని ముందే సోల్వేగ్ ఇరవై రెండేళ్ళు కూర్చుంది, కౌంటీ కోర్టులో పెళ్ళి పత్రాల కౌంటర్ దగ్గర.

సోల్వేగ్ ఒక చేతిలో హాట్‌డిష్ అనే మా ఊరి వంటకం పళ్ళెం, ఇంకో చేతిలో కాఫీతో వచ్చింది. నేను కుర్చీ లాగి కూర్చోబెట్టాను. లోవెల్ గొంతు సవరించుకుని, మొహం కందగడ్డలా చేసుకుని, కంప్యూటర్ మీద మీట నొక్కాడు.

తెర మీద అంచు గీసుకుంటూ వచ్చింది. అబ్బో, ఎంత అందంగా ఉందో! జంట గీతలు, మూలల్లో పువ్వులు. చుట్టూ మూగినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మధ్యలో ప్రశ్న రావాలి. వచ్చింది. కానీ అక్షరాలు కావు. మూలలు, అడ్డగీతలు, సిలువలు, చుక్కలు!

"ఏంటిది లోవెల్, బాత్రూం పైపుల ప్లానా?" అని వెనకనుంచి ఎవడో అన్నాడు. నేలమాళిగంతా గొల్లుమంది.

వాడు ఏం చేశాడో నాకు చటుక్కున అర్థమైంది. ఆ యంత్రానికి ఒక సంకేతం పంపితే ఇంగ్లీషు చిన్నక్షరాలన్నీ గీతల ముక్కలైపోతాయి. అంచులూ గళ్ళూ గీసుకోవడానికి ఆ ఏర్పాటు. పెద్దక్షరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. అంచు గీయడం అవగానే తిరుగు సంకేతం పంపాలి. నా తమ్ముడు పువ్వుల మోజులో పడి అది మర్చిపోయాడు. కొంప ముంచాడు!

లోవెల్ చెయ్యి సెటప్ మీట మీదికి పోయింది. అది నొక్కి, ఆ పైన సున్నా నొక్కితే రీసెట్. తెర మొత్తం తుడుచుకుపోతుంది. పని అయ్యాక అలా తుడిచి లేవడం మా క్లబ్బులో నియమం కూడా. కానీ ఇప్పుడు తుడిచాడా, వీడు జన్మలో మళ్ళీ అడగడు. నాకు తెలుసు వీడి సంగతి.

"సున్నా నొక్కకు, లోవెల్!" అని అరిచాను.

నాకంటే ముందే సోల్వేగ్ వాడి చేతి మీద ఒక్కటిచ్చింది. "చెయ్యి తియ్యండి లోవెల్ గారూ. నేనింకా చదవలేదు."

"అది... అది పాడైపోయిందండీ."

"మీకు పాడైపోయింది. నేను ఇరవై రెండేళ్ళు ఈ గీతలతోనే ఫారాలు గీశాను. ఏ అక్షరానికి ఏ గీతో నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

కళ్ళజోడు పెట్టుకుంది. తెర మీద వేలు ఆనించి, ఒక్కో గీతనీ కదిలే పెదవులతో చదువుకుంటూ పోయింది. చివరన ప్రశ్న గుర్తు దగ్గర వేలు ఆగిపోయింది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ సెటప్ మీట నొక్కింది. అయిపోయింది, తుడిచేస్తోంది అనుకున్నాను. కానీ సున్నా కాదు, నాలుగు నొక్కింది. అంటే కంప్యూటర్‌తో సంబంధం తెంచేసి, ఇక కీబోర్డు మీద తను కొట్టింది నేరుగా తెర మీదే పడేలా పెట్టుకుంది. తర్వాత ఆ పది వేళ్ళూ చూడాలి! టకటకా టకటకా! ఆవిడ కొట్టిన చిన్నక్షరాలు గీతలై వాడి ప్రశ్న కింద ఒక గడి లేచింది. దాని పక్కనే, మధ్య గోడ ఉమ్మడిగా, ఇంకో గడి. ఆ రెంటి కిందా అడ్డంగా ఇంకొకటి.

మా ఊళ్ళో పెళ్ళయిన ప్రతివాళ్ళకీ తెలుసు ఆ ఫారం. నవ్వులన్నీ ఆగిపోయాయి.

మొదటి గడిలో పెద్దక్షరాలతో లోవెల్ అని కొట్టింది. రెండో గడిలో సోల్వేగ్ అని. కింద, సాక్షి సంతకం ఉండే చోట, వెర్నా అని.

వెర్నా అంటే నేనే. ఏడవనని ఒట్టు పెట్టుకుని వచ్చినదాన్ని, ఎవరిదో చేతి రుమాలు లాక్కుని భోరుమన్నాను.

లోవెల్ మాత్రం ఆ తెరకేసి, ఆవిడకేసి, మళ్ళీ తెరకేసి వెర్రిచూపులు చూస్తున్నాడు. సోల్వేగ్ నింపాదిగా సెటప్ నొక్కింది, సున్నా నొక్కింది. టెర్మినల్ కుయ్‌మంది. అంచు, పువ్వులు, గళ్ళు, మూడు పేర్లు, అన్నీ పోయి తెర నల్లగా నిలబడింది.

"అయ్యయ్యో!" అన్నాం అందరం.

"నియమం నియమమే," అంది సోల్వేగ్. కుర్చీ వాడివైపు తిప్పుకుంది. "ఇప్పుడు నోటితో అడుగు. కెపాసిటర్ మాట ఎత్తావో, సోమవారం విమానం ఎక్కేస్తా."

మా తమ్ముడు నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. "వెళ్ళొద్దు, సోల్వేగ్. నన్ను పెళ్ళి చేసుకో," అన్నాడు. ఎంత గట్టిగా అన్నాడంటే పైన చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నావిడ ఠక్కున ఆపేసింది.

"సోమవారం తొమ్మిదింటికి కోర్టులో కౌంటర్ తెరుస్తారు," అంది సోల్వేగ్, వాడి రెండు చేతులూ పట్టుకుని. "అక్కడి ఫారానికి సున్నా మీట ఉండదు, చూసుకో మరి."

సోమవారం విమానం దాని దారిన అది పోయింది. మేం ముగ్గురం ఎనిమిదింటికే వెళ్ళి కోర్టు మెట్ల మీద కూర్చున్నాం.