కంపకు ఇవతల

అరికాలి చెక్కు ఒకటే మిగిలింది, ఎడమ కాలిది, మడమకు పక్కన, గోటితో గిల్లితే ఊడేదే, పొద్దున మొగుడి కాలు ఒళ్లో పెట్టుకుని రూప్లి వేలితో తడిమి చూసింది కూడా, హరిలాల్ కాలు వెనక్కి లాక్కుని, గిల్లకే, టీకాల సారు గిల్లొద్దన్నడు అన్నాడు, మశూచి లేచినప్పుడు ఒళ్లంతా మంటలని బట్టలు పీకి పారేసిన మనిషి ఇప్పుడు సారు మాట తనకే అప్పజెప్తున్నాడు, చెక్కు దానంతట అది రాలాలి, రాలినదాన్ని కాల్చాలి, బూడిద పూడ్చాలి, తండాలో ఆఖరి మనిషి ఒంటి మీద ఆఖరి చెక్కు రాలిందాకా లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు, ఇవాళ్టికి ముప్పై తొమ్మిది రోజులు, ముప్పై ఎనిమిది ఇళ్లను ఒక మనిషి మడమ పట్టి ఆపింది అనుకుంటే రూప్లికి నవ్వొచ్చింది, నవ్వుకుంటూనే వచ్చి బండిబాటకు అడ్డంగా వేసిన రేగు కంపకు ఇవతల, రోజూ కూర్చునే చోట కూర్చుంది, కంప కాడ కాపలా తనదే, తండా పెద్ద, నాయక్ బద్యా తనకే అప్పజెప్పాడు, ఎందుకంటే ఆరేళ్లప్పుడు అమ్మవారు పోసి బతికింది తను, మొహమంతా మచ్చలు, ఒకసారి పోసినవాళ్లకు మళ్లీ పోయదు, పెళ్లినాడు ఆ మచ్చలు చూసి రెండు సంబంధాలు తిరిగిపోయాయి, ఇప్పుడు ఆ మచ్చలకే కొలువు దొరికింది, మొహం చూసి నౌకరీ ఇచ్చిండ్రే నీకు అని పక్కింటి మంగ్లి ఎగతాళి చేస్తే, నీ మొహం చూసి ఎవ్వరియ్యలేదని కుళ్లు నీకు అంది తను, మంగ్లి మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు పచ్చిమిరపకాయ తొక్కు పట్టుకొచ్చింది.

మొదటి రోజు జీపులో వచ్చిన ఆఫీసరు మాట మాత్రం చెవిలోంచి పోలేదు, జీపు దిగలేదాయన, కూర్చునే చెప్పాడు, వీళ్లు ఆగే మనుషులు కాదయ్యా, లంబాడోళ్లు, జబ్బు వస్తే ఎడ్ల మీద సామానేసుకుని పోతారు, పోయినచోటల్లా అంటిస్తారు, మోరీ దగ్గర పోలీసుల్ని పెట్టండి, లేకపోతే ఖమ్మం దాకా పాకుతుంది అని, ఆయన చెప్పింది అబద్ధం కాదు, తన తాత అలాగే పోయేవాడు, అమ్మవారు వచ్చినచోట మళ్లీ పొయ్యి వెలిగించకూడదని ముందటివాళ్ల పద్ధతి, మంచంలో ఉన్నవాళ్లకు కుండెడు నీళ్లు, వేపమండ పక్కన పెట్టి మిగతావాళ్లు కదిలిపోయేవాళ్లు, అయినా తండా మనుషులంతా నిలబడి వింటుంటే పశువుల గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు, ఆ సాయంత్రమే నలుగురు పోలీసులు వచ్చి ఇల్లందు రోడ్డు మీద వాగు దాటే మోరీ పక్కన డేరా వేశారు, ఇక్కడికి కోసు దూరం, మధ్యలో మోదుగుల అడవి, కంప దగ్గర్నుంచి డేరా కనబడదు, కనబడకపోయినా పని చేసేది, ఎవరైనా ఇక నావల్ల కాదని కంప దాకా వస్తే రూప్లి అనేది ఒకటే, పో, పోయి మోరీ కాడ లాఠీ తిని రా, ఇక్కడనే ఉంట కాపడం పెట్టనీకి, వచ్చినవాడు కాసేపు నిలబడి, నీకు నోరు పెద్దదే రూప్లీ అని తిరిగిపోయేవాడు, మిరపకాయలు కల్లాల్లో ఎండి తాలు అవుతున్నాయి, తండా పేరు చెబితే మార్కెట్టులో ముట్టుకునేవాడు లేడు, ఇప్పపూలు ఏరేవాళ్లు లేక చెట్ల కిందే పులిశాయి, మూడు రోజులకోసారి సాంబమూర్తి సారు సైకిలు మీద వచ్చి బియ్యం, ఉప్పు, కిరసనాయిలు కంప అవతలి బండ మీద పెట్టి వెనక్కి జరుగుతాడు, ఆయన జరిగాక తను పోయి తెస్తుంది, టీకాల సారు ఆయన, మధిర వైపు మనిషి, మొదటి వారం సూది పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు, మంగ్లి గాదెలో దాక్కుంటే గాదెలోకి చెయ్యి పెట్టి మరీ వేశాడు, మొన్న వచ్చినప్పుడు, ఇన్నాళ్లు ఆగారు, ఇంకో రెండు మూడు రోజులు ఓర్చుకోండమ్మా అన్నాడు, ఓర్చుకునుడు మాకు చెప్పాల్నా సారూ అంది తను, అన్నాక ఆ మాట తనకే నచ్చి ఇంటికి పోయి హరిలాల్‌కు కూడా చెప్పింది.

గజ్జెల చప్పుడు, రోడ్డు వైపు నుంచి, ఎవరివో, చాంది గజ్జెలు కూడా ఇలాగే ముందు వినబడ్డాయి, తర్వాత మనిషి కనబడింది, చాంది తన అక్క, ఇల్లందులో బొగ్గుబాయి పక్క వాడలో కొడుకు దగ్గర ఉండేది, ఒళ్లు వెచ్చగా ఉంటే ఎండకు నడిచొచ్చింది కదా అనుకున్నారు, నుదుటి మీద రెండు పొక్కులుంటే చెమటకాయలనుకున్నారు, చాంది చేతులు చాపింది, తను పోయి మెడ మీద మెడ వేసింది, వేసి రాగం తీసింది, తమలో అది పద్ధతి, వేరే వాళ్లు చుట్టం వస్తే కాళ్లకు నీళ్లిస్తారు, తమ ఆడవాళ్లు మెడ ఇస్తారు, మెడ పట్టుకుని ఏడుస్తూ, ఏడుపులోనే రాగంగా కబురంతా చెప్పుకుంటారు, ఎవరు పోయారు, ఎవరికి పుట్టారు, ఏ ఆవు ఈనింది, వానలు పడ్డాయా, ఒకరి తర్వాత ఒకరు, ఆ రోజు పదిహేడు మంది చాంది మెడ మీద ఏడ్చారు, తర్వాత సాంబమూర్తి సారు పుస్తకం తెరిచి ఆమెను ఎవరెవరు తాకారమ్మా అంటే, అందరం సారూ అంది తను, అందరూ అంటే, ఆడోళ్లమంతా, ఎందుకు తాకారు, ఏడ్వాలె కద సారూ అంది, చాంది తొమ్మిదో రోజు పోయింది, ఏడు ఇళ్లకు పాకింది, ఇంకో ముగ్గురు పోయారు, ముందుగా మెడ ఇచ్చింది తను, తనకు రాలేదు.

ఇప్పుడు గజ్జెల చప్పుడుతో వచ్చింది బాలి, తన బిడ్డ, కడుపు ముందు నడుస్తుంటే వెనక మనిషి నడుస్తున్నట్టుంది, ఆ వెనక బండి దగ్గర ఎడ్లను పట్టుకుని అల్లుడు గోపాలు, కారేపల్లి అవతలి తండా నుంచి బండి కట్టుకుని వచ్చినట్టున్నారు, బాలి నడక ఆపడం లేదు, ఆగు, ఆడనే ఆగు అని రూప్లి లేచి అరిచింది, బాలి బండ దగ్గర ఆగింది, ఇరవై అడుగులుంటుంది, తొమ్మిది నిండబోతున్నయి యాడీ అంది తల్లితో, తొలి కాన్పు నీ ఇంట్లనే కావాలె, మా అత్త కూడా పొమ్మన్నది, అందరం టీకాలేసుకుంటిమి, మీకు కూడా అయిపోయిందంట కద, ఎవరన్నరు అయిపోయిందని, అందరంటున్నరు, కాలేదు, నీ బా అరికాలు మిగిలింది అని తండ్రి సంగతి చెప్పింది రూప్లి, అరికాలా, అరికాలికి గింత భయమా, బాలి నవ్వింది, నవ్వుతూనే ఇంకో అడుగు వేసింది, ఆగుమన్ననా, కడుపుతో ఉన్న మనిషికి ఇది సోకితే టీకా ఉన్నా నమ్మలేమమ్మా, తల్లి దక్కదు, బిడ్డ దక్కదు అన్నాడు అప్పట్లో సాంబమూర్తి సారు, ఒక్కటే సారి చెప్పాడు, చాలు, హరిలాల్‌కు రసి తుడిచిన చేతులు తనవి, అతని పక్క బట్టలు ఉడకబెట్టిన చేతులు, ఈ లంగా, ఈ ఓణీ, అన్నీ ఆ ఇంటివే, అయినా నిన్నెట్ల రానిచ్చిండ్రే, పోలీసోళ్లు మోరీ కాడ ఆపలేదా అంది.

ఏ పోలీసోళ్లు అంది బాలి.

గోపాలు బండి దగ్గర్నుంచి గొంతెత్తాడు, అత్తా, మోరీ కాడ ఎవ్వరు లేరు, మూడు పొయ్యిరాళ్లున్నయి, గంతే, నవమికి భద్రాచలం బందోబస్తుకు తీస్కపోయిండ్రంట, మళ్ల రాలేదంట, మోరీ పక్క పొలం ఆయన చెప్పిండు, నువ్వింక ఎవరికి భయపడుతున్నవ్, రూప్లి వేళ్ల మీద లెక్కేసింది, నవమి అయి ఇరవై ఒక్క రోజులు, ఇరవై ఒక్క రోజులుగా లేని లాఠీని చూపించి మనుషుల్ని వెనక్కి పంపిందా తను, ఇప్పుడు బిడ్డకు చూపించడానికి అది కూడా లేదు, పోలీసోళ్లు రానియ్యరు బిడ్డా అనడానికి లేదు, మధ్యలో ఉన్నది రేగు కంప, తను వేసిందే, కాలితో నెడితే జరుగుతుంది, బాలికి అడ్డం ఎవరు, తనే, బాలికి అది అర్థమైనట్టుంది, రెండు చేతులూ చాపింది, రాగం తీసింది, యాడీ, నా యాడీ, నా పెద్దమ్మ పోయిందంట, నేను రాకపోతిని, మట్టి వేయకపోతిని అని, ఖాళీ చేతులు గాలిలో అట్లాగే పెట్టి ఏడుస్తోంది, చాపిన చేతుల్లోకి పోకపోతే నువ్వు నాకేమీ కావని చెప్పినట్టు, అంతకంటే పెద్ద మాట తమలో లేదు, రూప్లి కాలు ముందుకు పడింది, ఒక్కటి, చాంది చేతులు ఇలాగే చాపి ఉన్నాయి ఆ రోజు, కాలు వెనక్కి తీసుకుంది, తీసుకుని ఉన్నచోటనే కూర్చుని, తన మోకాళ్లను తనే పట్టుకుని, అదే రాగంలో గొంతు కలిపింది, పోయింది బిడ్డా, మీ పెద్దమ్మ పోయింది, నా మెడ మీద ఏడ్చి పోయింది, పదిహేడు మెడల మీద ఏడ్చింది, నాలుగు పాడెలు లేచినయి, నీ బా లేచి కూసుండు బిడ్డా, గట్క తాగిండు బిడ్డా, ఎర్రావు ఈనింది, పెయ్యదూడ పుట్టింది, వచ్చినట్టే తిరిగిపో, నా తల్లీ, బండెక్కి పో, మీ అత్త చేతుల్ల కాన్పు కా, సారుకు చెప్త, దవాఖానా నర్సును పంపమంట, నా మెడ నీకిప్పుడు మంచిది కాదు బిడ్డా, మెడ నీకు బాకీ లేదు, ప్రాణం బాకీ ఉన్న, మామూలు మాటల్లో అయితే అనలేకపోయేది, రాగంలో వచ్చింది, ఇరవై అడుగుల దూరం నుంచి అలా ఏడ్చిన తల్లి తమలో ఉందో లేదో, గోపాలు ఎడ్లను వదిలేసి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

బాలి చేతులు దించింది, కోపమో ఏమో, పోతా యాడీ అనలేదు, తిరిగి నడిచింది, బండెక్కడానికి గోపాలు చెయ్యి ఇచ్చాడు, కూర్చున్నాక ఒకసారి వెనక్కి చూసి గట్టిగా అడిగింది, పెయ్యదూడకు పేరు పెట్టిండ్రా, పెట్టలేదు, నువ్వొచ్చి పెట్టు, అవ్ అంది బాలి, బండి మోదుగుల్లోకి పోయింది, చక్రాల చప్పుడు పోయిందాకా రూప్లి నిలబడింది, నిలబడే అనుకుంది, నా అంత రాయి మనిషి ఇంకెవరూ ఉండరు, అనుకుంటే మళ్లీ అదొక రకంగా బాగానే ఉంది, ఒక్క అడుగు వేసి వెనక్కి తీసుకుంది తను, ఎవరూ పట్టుకోలేదు, జీపాయన చూడాల్సింది, తర్వాత వేరే భయం పట్టుకుంది, పోలీసులు లేరని తండాకు తెలిస్తే, ఇంకా రెండు మూడు రోజులుంది, ఆ కుర్రకారు ఆగుతారా, మిరపకాయల వాళ్లు ఆగుతారా, నాయక్‌కు ఒక్కడికే చెప్పాలి, చెవిలో చెప్పాలి.

బద్యా వేపచెట్టు కింద నులక పేనుతున్నాడు, రూప్లి దగ్గరగా కూర్చుని, మోరీ కాడ పోలీసోళ్లు లేరంట నాయక్, అల్లుడు చెప్పిండు అంది, బద్యా పేనడం ఆపలేదు, అవ్, నాకెరుకే, నవమినాడే పోయిండ్రు, గుట్టెక్కితే రోడ్డు కనబడుతది కద, బర్లకోసం ఎక్కిన, డేరా లేదు, మరి చెప్పలేదేంది, చెప్తే పోతరేమోనని, రూప్లి గొంతు తగ్గించింది, మంగ్లికి గిట్ల తెలవనియ్యకు, దాని నోట్ల ఆగదు, వెనక రోట్లో జొన్నలు దంచుతున్న మంగ్లి రోకలి ఆపింది, ఏంది నా నోట్ల ఆగనిది, పోలీసోళ్లు పోయిండ్రన్నదేనా, నా మేక గుట్టెక్కిననాడే చూసిన, ఇరవై దినాలాయె, చెప్పిన్నా నీకు, నీకెందుకు చెప్పాలె, నువ్వు కంప కాడ కూసుంటివి, లాఠీ లాఠీ అని అందర్ని బెదిరిస్తుంటివి, పాపం నీ నౌకరీ ఎందుకు పోగొట్టాలె అనుకున్న, బద్యా నవ్వాడు, పక్కనే తమ ఇంటి గడప లోపలినుంచి హరిలాల్ కూడా, మంచం మీదికెల్లి నాకే ఎరుక, పిలగాండ్లు గుట్ట మీదికెల్లి అరిసిండ్రు కద ఆ రోజు, అన్నాడు, పశువులు తోలుకుపోయే తండాలో గుట్ట ఎక్కనివాళ్లు ఎవరు, పొద్దున్నుంచి సాయంత్రందాకా కంప దగ్గర కూర్చునే తను తప్ప.

కొడుకు ఇల్లందులో బాయి పనికి పోయి కలవక మంగ్లికి రెండు నెలలైంది, కోసు నడిచి బస్సెక్కితే గంట, మంగ్లికి తెలుసు, పోలేదు, బద్యా మిరపకాయలు కల్లంలో రంగు పోతున్నాయి, బద్యాకు తెలుసు, పోలేదు, పోవాలని కంప దాకా వచ్చినవాళ్లకు కూడా తెలుసు, తను లాఠీ అంటే లేని లాఠీకి తలొంచి తిరిగిపోయారు, ఎదురు చెప్పకుండా, ఎవరికి వాళ్లు పక్కింటివాళ్లు భయపడి ఆగారనుకున్నారు, ఆ భయం పోగొట్టకూడదని నోరు మూసుకున్నారు, బాటంతా తను ఒక్కతే బిడ్డను తిప్పి పంపిన రాయిననుకుంటూ వచ్చింది, ఈ ఇంట్లోనూ ఆ ఇంట్లోనూ ఎవరో ఒకరిని చూడకుండా, ఏదో ఒకటి ఎండిపోనిచ్చి, రోజూ గుట్టెక్కి ఖాళీ రోడ్డు చూసి దిగి వచ్చి పొయ్యి వెలిగించుకున్నారు, రూప్లి లేచి నిలబడి ఒక్కొక్క గడపే చూసుకుంటూ పోయింది, ఆ కొస నుంచి ఈ కొస దాకా, ముప్పై ఎనిమిది, భయంతో ఆగిన ఇల్లు ఈ తండాలో ఒక్కటి కూడా లేదు.