ఈగలకు వంట

మా ల్యాబులో నా పని ఈగలకు వంట చెయ్యడం. నవ్వుకోండి, నాకు అలవాటే. పందొమ్మిదేళ్లుగా మొక్కజొన్న రవ్వ, పంచదార, ఈస్టు కలిపి ఉడికించి, బూజు పట్టకుండా మందు వేసి గాజు సీసాల్లో పోస్తున్నాను. పండ్ల మీద ముసిరే ఆ చిన్న ఈగలు అందులోనే తిని, అందులోనే గుడ్లు పెడతాయి. రెండు వారాలకోసారి కొత్త సీసాలోకి మార్చకపోతే వాటి వంశం అంతటితో సరి.

పీహెచ్‌డీ చేసే అమ్మాయి నాలుగేళ్లు కష్టపడి, వయసు మీదపడగానే వణికే ఈగలను తయారుచేసింది. మనుషులకొచ్చే వణుకుజబ్బు మీద ఆమె పరిశోధనంతా వాటితోనే. అవి ఇంకెక్కడా లేవు. ఆమె ఫెలోషిప్పు ఈ ఏడాదితో ఆఖరు. అవి పోతే పట్టా లేనట్టే.

ఈసారి ప్రభుత్వం యూనివర్సిటీ నిధులను సగానికి కోసేసింది. ఖర్చులు తగ్గించడానికి వచ్చిన కొత్త ఆఫీసరు మా జాబితాలో పంచదార, రవ్వ, ఈస్టు చూసి, ‘తిండి సామాన్లు’ అని రాసి, బూజు మందుతో సహా మొత్తం కొట్టేశాడు.

నేనే ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. "అయ్యా, అవి మేం తినడానికి కాదండీ. ఈగలకి."

"ఈగల్ని తోలడానికి డబ్బులడిగేవాళ్లని చూశా గానీ, మేపడానికి అడిగేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా!"

గదిలో అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఫైలు పైకి పంపుతాలే. చూద్దాం," అన్నాడు.

ఆ చూద్దాం నెల దాటింది. రవ్వ, పంచదార ఇంట్లోంచే మోశాను, ఈస్టు కొట్లో కొన్నాను. "జీతమేమో ఆలస్యం, ఈగలకి మాత్రం విందులా!" అని మా ఆవిడ దెప్పింది. బూజు మందు కిరాణా కొట్లో దొరకదు కదా! ఉన్న కాస్త మందునే సగం సగం వేసి సర్దుదామనుకున్నాను. ఎంత పొరపాటు చేశానో!

సోమవారం బీరువా తెరిస్తే సీసాలన్నిట్లో తెల్లటి బూజు. విడిగా దాచిన సీసాల్లోనూ అంతే. ఆ పిల్ల ఒక్కో సీసా తీసి వెలుగులో పెట్టి చూసింది. ఒక్కటీ కదల్లేదు.

"మందు నేనే తగ్గించానమ్మా," అన్నాను. ఆమె సీసాలన్నీ మళ్లీ బీరువాలో వరసగా పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది.

పదకొండింటికి ఆఫీసరు ఫోను చేశాడు.

"ఫైలు పాసైంది. ఈగలెన్నో లెక్క చెప్పి, సామాను పట్టుకెళ్లు."

ఆ పిల్ల ఫోను లాక్కుంది.

"ఒక్కటీ లేదండీ. అన్నీ చచ్చిపోయాయి."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

"సరే, అయితే సామాను అక్కర్లేదుగా. జాబితాలోంచి తీసేస్తాను," అని పెట్టేశాడు.