వాల్వు కట్టేసి రా

తెల్లవారకముందే సుమత్రా వైపు నుంచి లేచిన గాలివాన టోవా పాయో పేటను ఒక్క ఊపు ఊపి, ఏడు గంటలకల్లా వెళ్ళిపోయింది. ఆకాశం తూర్పున తేటపడింది గాని పడమట ఇంకా గచ్చు కడిగిన నీళ్ళలా మురికిగానే ఉంది. తొమ్మిదో అంతస్తు వరండాలో నిలబడి అప్పన్న ఆ రెండు రంగులూ ఎక్కడ కలుస్తున్నాయా అని చూస్తున్నాడు. యూనిఫారం చొక్కాకు గుండీలు పెట్టుకోవడం మరిచిపోయాడు.

అల్లుడు దీపక్ పోయి పద్దెనిమిది రోజులు. కర్మకాండలు అయిపోయాయి. గుంటూరు నుంచి వచ్చిన వియ్యాలవారు వెళ్ళిపోయారు. ఈ రోజు గ్యాసు కంపెనీలో విచారణ రెండోసారి కూర్చుంటుంది. ఈ రోజుతో ముగించేస్తారట.

"ఉండండి, గ్యాస్ కట్టేసి కాఫీ తెస్తా" అని వంటింట్లోంచి భార్య సీతాలక్ష్మి కేకేసింది.

అప్పన్న కళ్ళు మూసుకున్నాడు. ఆయన తాత విశాఖ తీరంలో ఈ దేశానికి ఓడెక్కినప్పుడు వెంట తెచ్చుకున్న మాటల్లో అదొకటి. కుళాయి కట్టెయ్, లైటు కట్టెయ్, పొయ్యి కట్టెయ్. అంటే ఆపెయ్యమని, మూసెయ్యమని. ఆ మాటను మనుషులు ఇంకోలా తీసుకుంటారని ఆ ఇంట్లో ఎవరికీ ఎన్నడూ తోచలేదు.

గదిలోంచి యోగిత వచ్చింది. ఒక్కగానొక్క కూతురు, ఇక్కడే పుట్టి పెరిగింది; ఈ ఊరివాళ్ళలాగే మాట చివర ‘లా’ తగిలిస్తుంది. జుట్టు దువ్వుకోలేదు.

"నాన్నా, ఆ దానయ్యని వదలొద్దు. హీ లైడ్, లా. వాల్వు మూయకుండానే మూశానని చెప్పాడు. మళ్ళీ ఏ దేశంలోనూ వాడికి పని దొరక్కూడదు."

"ఊఁ" అన్నాడు అప్పన్న.

ఈమధ్య హైదరాబాదు నుంచి వచ్చి చాంగీలో విమానం దిగిన తెలుగు కుర్రాళ్ళలో ముప్పాతిక మంది కంప్యూటరు మనుషులే. దీపక్ కూడా అంతే. అప్పన్న ఇరవయ్యారేళ్ళుగా పైపులు వేయిస్తున్న కంపెనీలోనే పై అంతస్తు ఏసీ గదిలో చేరాడు. నేల కింది పైపులన్నిటినీ కంప్యూటరు పటంలోకి ఎక్కించడం అతని పని.

"మీ బుర్రలో ఉన్నదంతా ఎక్కించేస్తే ఇక మీకు పనుండదు మావయ్యా" అనేవాడు.

"ఎక్కించు బాబూ. నా మోకాళ్ళ నొప్పి కూడా ఎక్కించు. దానికీ ఓ గీత గియ్యి" అనేవాడు అప్పన్న.

దీపక్ పోయిన రోజున పుంగ్గోల్ పేటలో పాత పైపును కొత్త పైపుకు కలపాలి. గుంట తవ్వి ఉంది. పటంలో ఉన్న అంకె, పైపు మీద ఉన్న అంకె ఒకటేనా కాదా చూస్తానని దీపక్ కూడా వచ్చాడు. వాల్వులు చూసే మనిషి సెలవులో ఉన్నాడు. అప్పన్న దానయ్యను పిలిచాడు.

దానయ్యది కరీంనగర్ దగ్గర పల్లెటూరు. నలభై దాటినవాడు. మూడు నెలలుగా మట్టి తవ్వుతున్నాడు. తమిళులు, చైనావాళ్ళు, బంగ్లావాళ్ళ మధ్య తెలుగు మాట్లాడటానికి ఒక మనిషి దొరికాడని అప్పన్నకు అతనంటే ప్రాణం. పనిచోట ఏ పని చెప్పినా ఇంగ్లీషులోనే చెప్పాలని నియమం ఉంది. దానయ్య ఎదురుపడితే అప్పన్న ఆ నియమాన్ని సంతోషంగా మరిచిపోయేవాడు.

వాల్వు మూశాక దానికి తగిలించే ఎర్ర చీటీ ఒకటి, దారంతో సహా, అతని చేతిలో పెట్టాడు. మూసి ఉంది, ముట్టుకోవద్దు అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. దానయ్యకు ఇంగ్లీషు రాదు.

"పోయి ఆ మూలనున్న వాల్వు కట్టేసి రా."

దానయ్య పోయి వచ్చాడు.

"కట్టావా?"

"కట్టిన అన్నా."

"గట్టిగానా?"

"గట్టిగనే కట్టిన."

పని మొదలుపెట్టే ముందు నింపే కాగితంలో, వాల్వును నేనే స్వయంగా తిప్పి చూశాను అని ఉన్నచోట అప్పన్న సంతకం పెట్టాడు. ఆ మూలకు నడిచి వెళ్ళిరావడానికి పది నిమిషాలు పడుతుంది. ఎవరూ వెళ్ళరు. కొత్తలో ఆయన ఒకసారి బయల్దేరితే, "ఏం, వాల్వుతో పెళ్ళిచూపులా?" అని అందరూ నవ్వారు. మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు.

గుంటలో ఫిట్టరు బోల్టులు వదులు చేశాడు. బుస్సుమని గ్యాసు తన్నుకొచ్చింది. ఫిట్టరు నిచ్చెన పట్టుకుని పైకి ఎగబాకాడు. పక్కనే వంగి అంకె చదువుతున్న దీపక్‌కు ఏం చేయాలో తెలియలేదు. రెండు ఊపిర్లు పీల్చాడేమో, అలాగే ఒరిగిపోయాడు. ఊపిరి బిగబట్టి దిగి, అతని నడుముకు తాడు కట్టి, పైకి లాగించింది మామగారే. పెన్ను ఇంకా దీపక్ వేళ్ళ మధ్యనే ఉంది.

వారం కిందట మొదటిసారి విచారణ కూర్చున్నప్పుడు దానయ్య ఒక్కటే మాట చెప్పాడు.

"కట్టుమన్నరు. కట్టిన."

కొద్దోగొప్పో తెలుగు తెలిసిన తమిళ దుబాసీ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. తాడుతో కట్టానంటున్నాడు సర్ అన్నాడు.

"గ్యాసును తాడుతో కడతారా?" అని మేనేజరు లిమ్ నొసలు చిట్లించాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

తన ఇంటి తెలుగూ, దానయ్య తెలుగూ రెండూ తెలిసినవాడు ఆ గదిలో అప్పన్న ఒక్కడే. దానయ్య ఊళ్ళో కుళాయి బంద్ చేస్తారు. కట్టడమంటే ముడి వెయ్యడమే. చేతిలో దారమున్న చీటీ పెట్టి కట్టి రమ్మంటే మనిషి చీటీనే కట్టి వస్తాడు. ఆ సంగతి అప్పన్నకు అప్పుడే తట్టింది. అక్కడ నోరు విప్పలేదు. ఇంటికొచ్చి యోగిత మొహం చూశాక అసలే విప్పలేకపోయాడు.

ఇవాళ కాఫీ తాగకుండానే బయల్దేరాడు.

విచారణ గది బయట బెంచీ మీద దానయ్య కూర్చుని ఉన్నాడు. కాళ్ళ మధ్య గుడ్డసంచి. రేపు అతన్ని విమానం ఎక్కిస్తారు. అప్పన్నను చూసి లేచి నిలబడ్డాడు గాని తలెత్తలేదు.

లోపల లిమ్ కాగితం ముందుకు జరిపాడు. "ఇంకేం లేదు కదా అప్పన్నా? పనివాడు అబద్ధం చెప్పాడు, నువ్వు నమ్మావు. సంతకం పెట్టు, లా."

"అతను అబద్ధం చెప్పలేదు సర్."

కట్టడం గురించి చెప్పాడు. చీటీ గురించి చెప్పాడు. తన సంతకం గురించీ చెప్పాడు. చెప్పడానికి పెద్దగా సేపు పట్టలేదు.

లిమ్ కలం కింద పెట్టాడు. "పోయింది నీ అల్లుడు. ఇది రాస్తే తప్పు నీ మీదికి వస్తుంది."

"కొత్తగా వచ్చేదేం కాదు సర్, ఉన్నదే. నేను పోయి చేత్తో తిప్పి చూసుంటే, మేం ఏ మాట మాట్లాడుకున్నా ఇది జరిగేది కాదు. ఎవరమూ వెళ్ళం సర్. మీకూ తెలుసు. అదీ రాయండి."

లిమ్ మళ్ళీ కలం తీసుకుని రాశాడు. ఆ చివరి మాట రాశాడో లేదో అప్పన్నకు కనపడలేదు.

బయటికి వచ్చి దానయ్య పక్కన కూర్చున్నాడు. మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు.

"బంద్ చెయ్యుమంటే చేద్దును గద అన్నా" అన్నాడు దానయ్య. "మరి ఆ పిలగాన్ని నేను సంపలేదా అన్నా?"

"లేదు."

దానయ్య సంచి మీదికి వంగిపోయాడు. వీపు ఎగిరెగిరి పడింది. అప్పన్న ఆ వీపు మీద చెయ్యి వేయబోయి, తనకా హక్కు లేదనిపించి వెనక్కి తీసుకున్నాడు.

"తిన్నావా?"

"లోపలికి పోతలేదన్నా."

"ఇంటికి రా."

"అమ్మాయి ముంగట నేనెట్ల నిలవడుత?"

"నేనెట్లా నిలబడాలో తెలీకే నిన్ను రమ్మంటున్నాను."

తలుపు తీసింది యోగితే. దానయ్యను చూసి మొహం బిగుసుకుపోయింది. "వై ఈజ్ హీ హియర్?"

అప్పన్న చెప్పులైనా విప్పకుండా, గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు. వంటింటి వాకిట్లోకి వచ్చిన సీతాలక్ష్మి తడిచేతులతో అక్కడే ఆగిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది యోగిత.

"మొదటి విచారణ రోజున."

"వారం. వారం రోజుల్నించీ ఇతన్ని నేను తిడుతుంటే నువ్వు ఊఁ అన్నావు."

"అన్నాను."

యోగిత గదిలోకి వెళ్ళి తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుంది. విసిరి కొట్టి ఉంటే బాగుండుననిపించింది అప్పన్నకు.

సీతాలక్ష్మి భర్త వైపు చూడలేదు. బల్ల మీద నాలుగు కంచాలు పెట్టింది. "కూర్చో నాయనా" అని దానయ్యతో మాత్రం అంది.

కొంతసేపటికి తలుపు తెరుచుకుంది. యోగిత వచ్చి అన్నం గిన్నె అందుకుంది. దానయ్యకు వడ్డించి పప్పు వేసింది. తల్లికి వడ్డించింది. తను పెట్టుకుంది. గిన్నెను తండ్రి చేతికి అందేంత దూరంలో ఉంచి, కూర్చుంది.

అప్పన్న తనే వడ్డించుకున్నాడు. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు.