లెవావో తెచ్చిన ఉప్పుమాంసం

“నా తమ్ముణ్ణి చంపింది నువ్వే. ఇప్పుడు ఆ చేతుల్తోనే వాడి శవం దగ్గరికి ఉప్పుమాంసం బకెట్లు పట్టుకొచ్చావు.”

లుపెసినా గొంతు పెంచలేదు. అయినా చావింటి ముందు కూర్చున్న ఊరంతా విన్నది. ఊరి పెద్ద, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కొట్టుకు యజమాని అయిన లెవావో, ఐదు బకెట్లు దింపించి నిలబడ్డాడు. సమోవా దేశపు సవాయి దీవిలో చావుకు ఎవరేం తెచ్చినా గట్టిగా చాటి ఊరికి పంచాలి, ఇంటివాళ్ళు బదులుగా సన్నగా అల్లిన విలువైన చాపలు పెట్టి పొగడాలి. చాటే పెద్దమనిషి అప్పటికే నోరు తెరిచాడు. లుపెసినా చెయ్యెత్తి ఆపింది.

పక్షవాతంతో పోయిన తమ్ముడు అపెలామోకు నలభై ఏడేళ్ళు. వాళ్ళమ్మ కూడా పక్షవాతంతోనే పోయింది. వాడు తోటకు నడవడం మాని ట్రక్కెక్కాడు, పొట్ట పెంచాడు, రోజుకో సిగరెట్ పెట్టె ఊదేశాడు. ఆ తప్పులు వాడివే, ఆమె కాదనలేదు. కానీ ఆడవాళ్ళ సంఘం శనివారాల్లో బీపీ చూసినప్పుడు పైఅంకె నూట తొంభై వచ్చింది. నర్సు మాత్రలిచ్చింది. పది రోజులు మింగి, ఒంట్లో బాగానే ఉందని మానేశాడు. మళ్ళీ చూసి మొట్టేవాళ్ళు లేకపోయారు. సంఘం ఉప్పు తగ్గించమంటుంటే తన బేరాలు పడిపోతున్నాయని, లెవావో పెద్దల సభలో పట్టుబట్టి ఆ శనివారాలనే ఆపించాడు. బీపీ మిషను పట్టుకెళ్ళి తన కొట్టు గదిలో పడేసి తాళం వేశాడు.

“తిన్నది వాడు. నేనేమన్నా నోట్లో కుక్కానా?” అన్నాడు లెవావో. వెనక ఎవరో నవ్వారు.

“కుక్కలేదు. మీ మామ చావుకి వాడు మాంసం పక్కకి నెడితే, ‘నర్సుని అడిగి మింగుతావా’ అని పదిమందిలో ఎగతాళి చేశావు. నీ నవ్వుకి జడిసి తిన్నాడు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. చాటే పెద్దాయన, పూడ్చాక మాట్లాడుకుందాం తల్లీ, ముందు ఇవి పుచ్చుకో అని బతిమాలాడు. మూడు రోజులుగా ఆమె ఆ కొట్టు తగలబెట్టాలనే చూసింది. తగలబెడితే మళ్ళీ కట్టుకుంటాడు. ఊరి ముందు పోయిన పరువు మాత్రం మళ్ళీ కట్టుకోలేడు. పైగా ఇక్కడ ఆడపడుచు మాటకు అన్నదమ్ముల ఇల్లు ఎదురు చెప్పదు, చెబితే శాపం తగులుతుందని ముసలివాళ్ళకు ఇప్పటికీ భయం. ఆ ఇంటి పెద్దలు తలలు దించుకున్నారు.

లుపెసినా మొదటి బకెట్ మూత పీకి, ఉప్పునీళ్ళతో సహా లెవావో కాళ్ళ మీద కుమ్మరించింది.

“మిగతా నాలుగూ వెనక్కి మోయించు. చావుల్లో ఈ పంపకం ఇవాళ్టితో ఆగాలి. శనివారాలు మళ్ళీ మొదలవ్వాలి. తాళం తీసి మిషను ఇక్కడికి తెప్పించు. ముందు నీ చెయ్యి చాపు, ఊరంతా చూస్తుంది. తర్వాత నలభై దాటిన ప్రతి చెయ్యీ. అప్పటిదాకా నా తమ్ముడు మట్టిలోకి దిగడు.”