చెరువు చూడని రెండు వేసవులు

నేను ఒక గాలం కర్రనని చెప్పుకోవాలనే ఉంది. కానీ రెండేళ్లుగా ఈ ఇంట్లో నాకు బూజుకర్ర అనే పేరు ఖాయమైంది. కొసకు చీపురు కట్టి, పండక్కోసారి సాలీళ్ల మీదికి పంపుతారు. చేపలను పట్టినదాన్ని, సాలీళ్లకు భయపడతానా? భయం లేదు గానీ సిగ్గుగా ఉంటుంది.

నన్ను ఏటూరునాగారం అడవిలో నరికారు. హనుమకొండలో ఒక మేదరి పెద్దాయన బుట్టల కోసం చీల్చబోతూ, ఎందుకో ఆగి, సెగ మీద వంకరలు తీసి, ఆముదం పట్టించి పక్కన పెట్టాడు. మర్నాడే సారంగపాణి వచ్చి, అటూ ఇటూ ఊపి చూసి, నన్ను ఎత్తుకుపోయాడు. ఆయన దర్జీ. ఊరందరి కొలతలూ టేపు పెట్టి తీస్తాడు గానీ, చేపల కొలత మాత్రం నోటితోనే చెబుతాడు. ఎర్రమడుగు చెరువులో దారం తెంపుకుపోయిన రవ్వచేప మొదట్లో మూరెడు ఉండేది. పదేళ్లలో బారెడైంది. నేను అక్కడే ఉన్నాను, అది జానెడే.

ఏటా మే నెలలో సారంగపాణీ, ఆయన భార్య తమ్ముడు బిక్షపతీ ఆ చెరువుకు వెళ్లేవారు. పొద్దుటి చల్లగాలి, తుంగ వాసన, గట్టు మీదే ఉప్పూ కారం పట్టించి కాల్చిన చేప. ఎంత బాగుండేదో! రెండేళ్ల కిందట సారంగపాణికి పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. కత్తెర పట్టలేక దుకాణం మూసేశాడు. పిసకమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, "నేనేమన్న చిన్నపిల్లగాన్నా, బంతులాడ?" అని మంచం కిందికి విసిరాడు.

"చేతికి పట్టు దొరికేదాక చెరువు పేరెత్తొద్దు," అని భార్య కౌసల్య తేల్చి చెప్పింది. గట్టు మీద కాలు జారితే ఆపుకోలేడని ఆమె భయం. ఆయన భయం వేరు. ఆ చేయి ఇక ఇంతేనేమోనని. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ లేనప్పుడు ఎడమచేత్తో నన్ను తడిమేవాడు కాబట్టి నాకు తెలుసు.

ఈ మే నెలలో ఒక మధ్యాహ్నం కౌసల్య పక్కవీధి పెళ్లివారింటికి వెళ్లగానే బిక్షపతి వచ్చి వాలాడు. వస్తూనే, గోడ మేకుల మీదున్న నా కొస నుంచి చీపురు విప్పి మూలకు విసిరాడు.

"బావా, రేపు పొద్దున ఫస్టు బస్సు. అక్కకు తెల్వకుండ పోయి, సందేళకు వచ్చేద్దాం. ఎర నేను కలుపుత."

"నువ్వు కలిపితె నీళ్లల్ల ఏసుడుతోటే కరిగిపోతది. ఇటు తే తాంబాలం."

ఎర విషయంలో సారంగపాణి ఎవరినీ నమ్మడు. గోధుమపిండి, కాస్త తవుడు, బెల్లం, దండిగా ఇంగువ. బాగా సాగేదాకా పిసకకపోతే గాలానికి నిలవదు. మొదట ఎడమచేత్తో మొదలుపెట్టాడు. పిండి మాట వినలేదు. చిరాకొచ్చి కుడిచేయి కూడా దించాడు. తప్పిపోయిన రవ్వచేప పొడవు మీద బావా బావమరిదీ గంటసేపు వాదించుకున్నారు. ఆ గంటా పిసుకుతున్న చేతి సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ముద్ద మీద తడిగుడ్డ కప్పి, వంటింటి గట్టు మీద పెట్టి, బస్సు టైము కనుక్కోవడానికి పోయారు. ఆడవాళ్లకు తెలియకూడని వస్తువును వంటింట్లో దాచడం మగవాళ్లకే చేతనవుతుంది.

తిరిగొచ్చేసరికి కౌసల్య వేడివేడి రొట్టెలు వడ్డించింది. వాసన తగలగానే సారంగపాణికి అర్థమైంది. చెబితే చెరువు సంగతి బయటపడుతుంది. కళ్లు మూసుకుని తన ఎర తానే మింగాడు. ఇన్నేళ్లూ చేపలు పడిన బాధ ఆ పూట ఆయనకు తెలిసొచ్చింది.

"తమ్మీ, ఆకలైతే పిండి పిసికి పెట్టినవ్, మంచిదే. మెత్తగ పిసికినవ్ గూడ. గని గింత ఇంగువ ఎందుకేసినవ్ రా?"

బిక్షపతికి పొలమారింది. కంగారులో నిజం కక్కేశాడు. "నేను పిసకలే అక్కా. బావ పిసికిండు. అది చేపలకు."

చేపల మాట కౌసల్య చెవిన పడనేలేదు. "బావనా? ఏ చేత్తోటి?"

సారంగపాణి తన చేతులు చూసుకున్నాడు. కుడిచేతి గోళ్ల సందుల్లో పిండి ఎండిపోయి ఉంది. అందరికంటే ఆయనే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

"రెండు చేతులతోటి," అన్నాడు మెల్లగా.

కౌసల్య తన చేతిని ఆయన కుడిచేతిలో పెట్టి, "పిసుకు," అంది. ఆయన పిసికాడు. "ఇంకొంచెం గట్టిగ." ఇంకొంచెం గట్టిగానే పిసికాడు. ఆమెకు ఏడుపొచ్చింది. నాకూ వచ్చేదే, వెదురుకు ఆ వసతి లేదు.

కళ్లు తుడుచుకుని ఆమె పిండి డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "చేపలకొక ముద్ద, మనకొక ముద్ద. రెండూ నువ్వే పిసకాలె. రేపు నేను గూడ వస్త."

తెల్లారి నన్ను దించడానికి బిక్షపతి చేయి చాపితే సారంగపాణి అడ్డు చెప్పాడు. కుడిచేత్తో పట్టి, మేకుల మీది నుంచి తానే లేపాడు. పట్టు వదులుగానే ఉంది. నా కొస ఊగి దూలానికి తగిలింది. ఆయన ఎడమచేయి ఆదరాబాదరాగా సాయానికి లేచింది.

"నువ్వుండు," అన్నాడాయన దానితో.

నేను కిందపడలేదు.