డెమో పిల్ల

దంతాలపల్లి నుంచి వచ్చే బస్సు మహబూబాబాద్ చేరేసరికి పది దాటింది. జమున బస్టాండు నుంచి దాదాపు పరుగెత్తింది. తెల్లారగట్టే లేచి తల్లి సీతాబాయితో పాటు మిరప చేనుకు పోయి, కాసేపు కాయ ఏరి బస్సెక్కింది. ఎంత కడిగినా చేతుల మంట పోలేదు. మందుల దుకాణం పైనున్న స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు మెట్లెక్కుతుండగానే చిరంజీవి సారు ఎదురొచ్చాడు. సెంటరు ఆయనదే.

"ఏంది జమునా, గిదేనా వచ్చే టైము? హాలు నిండింది. జల్ది మొఖం కడుక్కొని రా."

కొత్త బ్యాచి మొదలయ్యే ముందు సారు ఉచితంగా ఒక డెమో క్లాసు పెడతాడు. అందులో జమున లేచి ఇంగ్లీషులో తనను తాను పరిచయం చేసుకుంటుంది. పేరు, ఊరు, చదువు, ఇష్టాలు, ఆశయం. ఎక్కడా తడబడదు. తండా పిల్ల అట్లా దంచుతుంటే వచ్చినవాళ్లు కళ్లప్పగించి చూస్తారు, ఆ ఊపులోనే ఫీజు కట్టేస్తారు. అందుకు బదులుగా సారు జమున దగ్గర ఫీజు తీసుకోడు. గదులు ఊడవడం, హాజరు వేయడం కూడా ఆమె పనే. డిగ్రీ అయిపోయినప్పటి నుంచి రెండేళ్లుగా ఇదే నడుస్తోంది.

పై బ్యాచిలో కూచుంటానని అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే మాట. "నీకిప్పుడు గ్రామరు వెడితే ఉన్న ఫ్లో గూడ చెడిపోతది. జర ఆగు." సారు చెబుతున్నాడంటే నిజమేనేమో అనుకునేది.

పోయిన వారం హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు ఇంటర్వ్యూకు పోయింది. రిసెప్షన్‌లో కూచునే పని, నెలకు పన్నెండు వేలు. మిరప కూలి రోజుకు మూడు వందలు, అదీ కాయ ఉన్నన్నాళ్లే. ఆమె పరిచయం విని అక్కడి మేడం ముచ్చటపడింది. తర్వాత ఇంగ్లీషులోనే, "ఈసారి మీ ఊళ్లో పంట ఎట్లా ఉంది?" అని అడిగింది.

పంట సంగతి జమునకు తెలియనిదా! పూత మీద నల్లి పడింది, సగం చేను ఎండింది, తల్లి రెండుసార్లు మందు కొట్టించింది. అంతా గొంతు దాకా వచ్చింది. ఏ మాట ముందు పెట్టాలో తెలియలేదు. చివరికి నోట్లోంచి ఊడిపడింది, "మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్" అని. మేడం నవ్వలేదు. మంచినీళ్ల గ్లాసు ఇటు జరిపింది. నవ్వినా అంత బాధనిపించకపోయేది.

హాల్లో ముందు వరుసలో చాందీ అనే నడివయసు లంబాడా స్త్రీ తన కూతురు కల్యాణిని పక్కన కూచోబెట్టుకుని ఉంది. కల్యాణి ఇంటర్ పూర్తి చేసింది. జమున మైకు అందుకుని గడగడా అప్పజెప్పింది. చప్పట్లు మోగాయి. చాందీ ఆగలేక లేచి నిలబడింది.

"ఎన్ని దినాలల్ల నేర్సుకున్నవ్ బిడ్డా? మా పిల్ల గూడ గిట్ల మాట్లాడ్తదా?"

"మూడు నెలలల్ల అని చెప్పు జమునా. ఇంగ్లీషుల చెప్పు," అన్నాడు సారు నవ్వుతూ.

ఆ వాక్యం కూడా జమునకు కంఠస్థమే. ఎన్నోసార్లు చెప్పింది. ఇవాళ చాందీ వేళ్ల చివర్లు చూసింది. మిరప ఘాటుకు కమిలి, తోలు లేచి ఉన్నాయి. సారు దగ్గాడు.

"త్రీ మంత్స్... నో," అంది జమున. "టూ ఇయర్స్. ఐ డోంట్ నో ఇంగ్లీష్. దిస్... దిస్ ఓన్లీ ఐ నో. సార్ నాట్ టీచింగ్."

ఒక్కో మాటకూ ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఆ మాటలు ఎవరూ రాసిచ్చినవి కావని మైకు దించాక గానీ ఆమెకు తట్టలేదు.

సారు మొహం ఒక్క క్షణం పాలిపోయింది. మరుక్షణం ఆయనే ముందుగా చప్పట్లు మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది. "చూసిండ్రా! ఎంత మంచిగ మాట్లాడిందో!" అన్నాడు. చాందీ కూడా మురిసిపోతూ చప్పట్లు కొడుతోంది.

జమునకు ఏడుపొచ్చింది. నిజం చెప్పినా చప్పట్లేనా!

"ఆగుండ్రి!" అని అరిచింది. "యాడీ, నేను చెప్పింది వేరే. రెండేండ్ల సంది ఈడ్నే ఉన్న. గా నాలుగు ముక్కలు దప్ప నాకేం రాదు. గదే ఇంగ్లీషుల చెప్పిన. మీరు చప్పట్లు కొట్టిండ్రు."

యాడీ అంటే తండాలో అమ్మ. ఆ పిలుపుకు చాందీ మొహం మారింది. బొడ్లో దోపుకున్న ఫీజు డబ్బుల సంచి మీద చెయ్యి వేసి అట్లాగే కూలబడింది.

"రేపటి సంది నువ్వు రానే రావద్దు," అన్నాడు సారు, పళ్లు కొరుకుతూ.

ఇంకో సెంటరుకు పోతే ఫీజు కట్టాలి. ఇంటికి పోతే చేను. ఎటూ దారి లేదు. జమున మైకు బల్ల మీద పెట్టి, వచ్చి కల్యాణి పక్కన, ముందు బెంచీ మీద కూచుంది.

"ఐ విల్ కమ్," అంది. తర్వాతి మాట కోసం చాలాసేపు వెతుక్కుంది. ఎవరూ తొందరపెట్టలేదు. "యూ... టీచ్."

హాలంతా సారు వైపు తిరిగింది.