పసుపు పెట్టిన కవరు

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు పక్క సందులో నాది జిరాక్స్, కొరియర్ షాపు. ఒకప్పుడు అందరూ అమెరికాకే కాగితాలు పంపేవాళ్ళు. ఇప్పుడు జర్మనీ, ఐర్లాండ్, పోలండ్ అంటూ పొద్దున్నే క్యూ కడుతున్నారు. ప్రపంచమంతా ఒక్కసారే పెద్ద చదువుల మీద పడితే నా ఒక్క మిషను ఏం చేస్తుంది? నాకు విసుగెక్కువ, ఒప్పుకుంటాను.

నిరుడు జూన్‌లో నాంపల్లి నుంచి వనిత అనే అమ్మాయి వచ్చింది. వెనకే వాళ్ళ నాయనమ్మ లక్ష్మీనర్సమ్మ. వనిత మార్కుల కాగితాలు జర్మనీకి సీలు కవర్లో వెళ్ళాలి. ఇక్కడి యూనివర్సిటీ వాళ్ళు అంటించి, అంటించిన చోట ముద్ర వేసి ఇచ్చే కవరది. మధ్యలో ఎవరు తెరిచినా చెల్లదు. పంపడానికి అదే ఆఖరి రోజు.

వనిత కవరు బల్ల మీద పెట్టింది. తెరిచి ఉంది. లోపలి కాగితాలకు నాలుగు మూలలా పసుపు.

"కొత్త కాయితం గద సారూ," అంది ముసలమ్మ. "పసుపు పెట్టకుండ ఎట్ల పంపుతం? మా పట్టా పుస్తకానికి గూడ పెట్టినం. పిల్ల తానం చేస్తుంటె నేనే ఇప్పిన."

"జర అంటించియ్యండి సార్," అంది వనిత.

"ముద్ర చిరిగిపోయిందమ్మా. అంటిస్తే మోసం చేసినట్టవుతుంది. కొత్తది ఎన్నాళ్ళకిస్తారు?"

"పది రోజులు పడ్తది."

అంటే సీటు పోయినట్టే. నాకు ఒళ్ళు మండి ముసలమ్మ మీద విరుచుకుపడ్డాను. "తెరవొద్దని పైన అంత పెద్ద అక్షరాలతో రాసుంది కదా, కళ్ళు కనపడవా?"

"కండ్లు మంచిగనే కనవడ్తయి సారూ," అంది మెల్లగా. "చదువే రాదు."

నాకు తల కొట్టేసినట్టయింది. వనిత ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆ ఏడు సీటు పోయింది.

ఈ జూన్‌లో మళ్ళీ ఇద్దరూ వచ్చారు. కొత్త కవరు ముసలమ్మ చేతిలోనే ఉంది. ఇంగ్లిషు అక్షరాల కింద వనిత పెన్సిలుతో తెలుగులో ఒక మాట రాసింది. ముసలమ్మ కవరు నాకివ్వకుండా, ఆ మాట మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం చదివి వినిపించింది.

"తె... ర... వ... ద్దు."

ఆ తర్వాతే కవరు నా చేతికిచ్చింది. సీలు చెక్కుచెదరలేదు. పసుపు మాత్రం ఉంది, కవరు పైన, నాలుగు మూలలా. తుడవకుండా అలాగే కొరియర్ సంచిలో వేశాను.